తొందర పని, ముఖ్యమైన పని

పదిమంది కలసి పనిచేయు చోట పుట్టెడి తగవులు చాలవరకు పని ఎక్కువగుటచేత గాక, ఏది ముందన్నది తేలకపోవుటచేతనే పుట్టుచుండును. తొందర పనియే ముఖ్యమైన పని యనుకొనుటలో చిక్కంతయు ఉన్నది.

1954 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఎవాన్‌స్టన్ నగరమున ప్రసంగించుచు, ఒక కళాశాల పూర్వాధ్యక్షుని మాటగా ఈ భేదమును చెప్పెను. తొందరపెట్టునవి ముఖ్యములు కావనియు, ముఖ్యమైనవి ఎన్నడును తొందరపెట్టవనియు దాని భావము. రెంటిని ఇంత కచ్చితముగా విడదీయుట మాకు సమ్మతము కాదు. తుపాను హెచ్చరిక రెండును కదా! 1989లో స్టీఫెన్ కవీ తన గ్రంథమున పనులను నాలుగు గళ్ళుగా పంచి చూపెను: రెండును అయినవి, ముఖ్యమే గాని తొందర లేనివి, తొందరే గాని ముఖ్యము కానివి, రెండును కానివి.

హెచ్చరిక రాగానే పాట ఆపి దానిని చదువవలెనని ప్రసార కేంద్రములో ఎవరికిని బోధింప నక్కరలేదు. మరచిపోబడునది రెండవ గడి. కరెంటు పోయినప్పుడు ట్రాన్స్‌మిటరును నడపు డీజిలు జనరేటరునే చూడుడు. దానిని అప్పుడప్పుడు నడిపి పరీక్షించుట ఈ వారము మానినను ప్రసారమునకు లోపము రాదు. వచ్చే వారమును రాదు. దానికై టెలిఫోను మ్రోగదు. గాలివాన రాత్రి కరెంటు పోయిన క్షణమున ఆ పని మొదటి గడిలోనికి దూకును. అప్పుడు చేయబూనుట ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటయే. వానకాలము వచ్చువరకు ఇంటికప్పు సంగతి తలపెట్టని గృహస్థుల పనియు ఇంతే.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు దాదాపు 10,000 మంది మరణించిరి. అటుపిమ్మట తీరము వెంబడి తుపాను ఆశ్రయములు కట్టిరి, హెచ్చరికల ఏర్పాట్లు మెరుగుపరచిరి. 1990 మే నెలలో మరల తీవ్రమైన తుపాను వచ్చెను. ముందుగానే లక్షకు పైగా జనమును తరలించిరి, మృతుల సంఖ్య వేయికి లోపుగా నిలిచెను. ఆ కట్టడములకు సున్నము, సిమెంటు కలిపినది గాలి లేని దినములలోనే.

కనుక వారమునకొకమారు అందరును కూర్చుండి పనుల జాబితా చూచుకొనునప్పుడు, "ఇది తొందరయా?" అని అడుగరాదు. ఎవరి పని వారికి తొందరయే. "ఇది చేయకున్న ఏమి చెడును?" అని ఒకమారును, "ఎప్పుడు చెడును?" అని మరొకమారును విడివిడిగా అడుగవలెను. మొదటి జవాబు ముఖ్యతను, రెండవది తొందరను తెలుపును. ఎన్నడు చేయకున్నను ఏమియు చెడనిదానిని కొట్టివేయవచ్చును. ఇట్లు కొట్టివేయబడు కాగితములు ఎన్నియో చూచినవారు ఆశ్చర్యపడుదురు!

జనరేటరు వంటి పనికి మాత్రము ఒకరి పేరు, ఒక తేదీ వ్రాసి గోడకు తగిలింపవలెను. ఆ ఉదయము ఆయనను వేరు పనికి పిలువరాదు, పిలుచువారు డైరెక్టరుగారే యైనను.