కంప్యూటర్ ఆగిపోయాక ఎవరిని అడగాలి?

రావులపాలెం హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పంపారు. కవిత రాయడం మా వల్ల కాదు కనుక చదువుతున్న విషయమే రాస్తున్నాము. 'మేము' అంటే ఇక్కడ ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పెట్టుకుని చదివి, ఇప్పుడు పీజీలో ఒకే ల్యాబులో కూర్చుంటున్న ముగ్గురం. మా మూడిళ్లలోనూ మాకంటే ముందు డిగ్రీ చదివినవారు లేరు.

గత సంవత్సరం మా ల్యాబు సర్వరు వారానికి రెండుసార్లు ఆగిపోయేది. ల్యాబు చూసే ఆయన నెట్‌స్టాట్ అనే కమాండు కొట్టి చూస్తే మేము ప్రాజెక్టు కోసం రాసిన చాటింగ్ ప్రోగ్రాము పేరిట వందల కనెక్షన్లు కనిపించాయి. "హాస్టల్ కుర్రాళ్ల పనే ఇది" అనేశారు. మా లాగిన్ ఆపేశారు. ప్రాజెక్టు సమర్పించడానికి ఇరవై రోజులే ఉంది. తప్పు మాది కాదని చెప్పాలంటే రుజువు కావాలి కదా! ఆ రుజువు క్రాష్ డంపులో ఉంది.

తమ్ముళ్లకు అర్థమయ్యేలా చెబుతాము. గోదావరికి వరద వచ్చినపుడు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గంట గంటకూ నీటిమట్టం చెబుతారు. అది పారుతున్న నది సంగతి. వరద తీసేశాక లంకలో ఇంటి గోడ మీద మట్టి గీత మిగులుతుంది. నీరు ఎంతవరకు వచ్చిందో ఆ గీతను చూసి తెలుసుకోవలసిందే, నదిని అడిగితే చెప్పదు. నెట్‌స్టాట్ మొదటి రకం. ఏ కంప్యూటర్‌తో ఏ కనెక్షన్ ఉంది, ఎన్ని ప్యాకెట్లు వచ్చాయి, ఎన్ని పాడయ్యాయి అన్నది నడుస్తున్న కెర్నెల్‌ను అడిగి చెబుతుంది. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. అదే కూలిపోతే ఇక జవాబు చెప్పేవారు లేరు. కూలిన క్షణంలో మెమరీలో ఉన్నదాన్ని ఫైలుగా దాచడమే క్రాష్ డంప్. లినక్సులో ఈ పని చేసేది కెడంప్. ముందే పక్కన కేటాయించిన కాస్త మెమరీలో రెండో కెర్నెల్ లేచి, కూలిపోయిన మొదటిదాని మెమరీని భద్రపరుస్తుంది. ఇది 2005లో లినక్స్ 2.6.13తో వచ్చింది. దీని గురించి అదే ఏడాది పత్రం రాసినవారిలో వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ అనే మన దేశపు ఇంజనీర్లు ఉన్నారని చూసి మేము పొంగిపోయాము.

మా అదృష్టం కొద్దీ ఆ సర్వరులో కెడంప్ పనిచేస్తోంది. ఇక మా ముగ్గురిలో వాదన మొదలయ్యింది.

ఒకడు ఫ్రీబీఎస్‌డీ వాడినవాడు. అందులో నెట్‌స్టాట్‌కు 'ఎమ్' గుర్తుతో డంపు ఫైలును, 'ఎన్' గుర్తుతో కెర్నెల్ ఫైలును ఇస్తే, నడుస్తున్న యంత్రం గురించి చూపినట్లే చచ్చిన యంత్రం గురించీ పట్టిక చూపిస్తుంది. "అలవాటైన పనిముట్టే ఉండగా కొత్తది ఎందుకురా?" అన్నాడు. లినక్స్ నెట్‌స్టాట్‌కు ఆ సదుపాయం లేదు, అది ప్రోక్ ఫైళ్లను మాత్రమే చదువుతుంది.

రెండోవాడు ఒప్పుకోలేదు. పాత యూనిక్స్ నెట్‌స్టాట్ కెర్నెల్ మెమరీలోకి నేరుగా చెయ్యి పెట్టి చదివేది. అందుకు దానికి ప్రత్యేక అధికారం ఇవ్వవలసి వచ్చేది, అది భద్రతకు ముప్పు. పైగా కెర్నెల్ లోపలి నిర్మాణం కాస్త మారితే చాలు, అంకెలు తప్పుగా వస్తాయి. తప్పు అని కూడా తెలియదు, పట్టిక మాత్రం చక్కగానే కనిపిస్తుంది! కనుక నడుస్తున్నదానికి నెట్‌స్టాట్, కూలినదానికి డీబగ్గరు, ఎవరి పని వారిదే అన్నాడు. లినక్సులో అటువంటి డీబగ్గరు పేరే 'క్రాష్'. రెడ్‌హ్యాట్‌లో డేవ్ ఆండర్సన్ తయారుచేశాడు. దానికి సరిగ్గా అదే కెర్నెల్ తాలూకు డీబగ్ ఫైలు ఇవ్వాలి. వేరేది ఇస్తే ఒప్పుకోదు.

చివరికి క్రాష్‌తోనే తెరిచాము. అందులో 'నెట్' కమాండుకు 'ఎస్' గుర్తు ఇస్తే ఒక ప్రాసెస్ తెరిచిన సాకెట్లు చూపుతుంది. మా ప్రోగ్రాముకు రెండే సాకెట్లు కనిపించాయి. ఎగిరి గంతేశాము. కానీ మొదటివాడు నవ్వి, "మరి నెట్‌స్టాట్ చూపిన వందలు ఏమయ్యాయి?" అన్నాడు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. మూసేసిన కనెక్షన్‌ను కెర్నెల్ టైమ్-వెయిట్ స్థితిలో లినక్సులో 60 సెకన్లు ఉంచుతుంది. అప్పటికి అది ఏ ప్రాసెస్‌కూ చెందదు. ప్రాసెస్‌ల వారీగా వెతికితే దొరకదు. నెట్‌స్టాట్ మొత్తం పట్టికను చూస్తుంది కనుక దానికి దొరుకుతుంది. వాడి వాదనలో బలం అక్కడే ఉంది, మేము ఒప్పుకున్నాము. తరువాత 'కెమెమ్' కమాండుతో మెమరీ లెక్కలు తీస్తే ఆ వందలూ కనిపించాయి. ఒక్కొక్కటి కొన్ని వందల బైట్లే, సర్వరును ముంచేంత కాదు. ప్రతి మెసేజీకీ కొత్త కనెక్షన్ తెరిచి మూయడం మా ప్రోగ్రాములో లోపమే, దిద్దుకున్నాము. కూలడానికి కారణం మాత్రం 'బీటీ' కమాండు చూపింది. ఆఖరున నడుస్తున్నది నెట్‌వర్క్ కార్డు డ్రైవరు. నాలుగు డంపుల్లోనూ అదే చోటు.

2024 జూలై 19న ప్రపంచమంతా విండోస్ కంప్యూటర్లు నీలితెరలై, శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చిన సంగతి గుర్తుందా? మైక్రోసాఫ్ట్ అంచనాలో 85 లక్షల యంత్రాలు. అప్పుడూ చాలామంది మొదట సైబర్ దాడి అనుకున్నారు. డంపులు తెరిస్తే క్రౌడ్‌స్ట్రైక్ వారి డ్రైవరు తనది కాని మెమరీని చదవబోయి కూలినట్లు తేలింది. 21 విలువలు ఆశించిన చోట 20 మాత్రమే అందాయి, అంతే.

మేము నాలుగు డంపుల ఫలితాలూ ప్రింటు తీసి ల్యాబులో ఇచ్చాము. ఆయన రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు డ్రైవరు మార్చారు, మా లాగిన్ తిరిగి వచ్చింది. డంపు ఫైళ్లను మాత్రం మా చేతే తుడిపించారు. అందులో అందరి పాస్‌వర్డులూ ఉండే అవకాశం ఉంది కనుక అది సబబే.