తుఫాను వెళ్లాక తెరచాప ఎత్తడమా, మానడమా?

అమెరికా తూర్పు తీరంలో సొంత తెరచాప పడవలున్నవాళ్లకు నవంబరు అంటే బయల్దేరే నెల. చలి ముదరకముందే వర్జీనియా రేవులు వదిలి, దాదాపు 1,500 నాటికల్ మైళ్లు అట్లాంటిక్ మీద సాగి, కరీబియన్ దీవులకు చేరతారు. అక్కడ మే దాకా ఒక్కో దీవీ తిరుగుతూ, పడవలోనే వండుకుని పడవలోనే పడుకుంటూ గడుపుతారు. వీళ్లలో బాగా డబ్బున్నవాళ్లు కొందరే. ఉద్యోగాలు చేసినన్నాళ్లూ కూడబెట్టి, రిటైరయ్యాక ఓ పాత పడవ కొనుక్కున్న దంపతులు చాలామంది ఉంటారు. 2017 అక్టోబరులో వీళ్లందరికీ ఒకటే సందేహం. ఈసారి వెళ్లాలా, మానాలా?

ఆ సందేహం ఎందుకొచ్చిందో చెప్పాలంటే సెప్టెంబరు 6 దగ్గర మొదలుపెట్టాలి. ఆ రోజు తెల్లవారకముందే ఇర్మా అనే హరికేన్ కరీబియన్‌లోని బార్బుడా దీవిని తొక్కేసింది. గాలి వేగం గంటకు 285 కిలోమీటర్లు. 2014లో విశాఖను చెల్లాచెదురు చేసిన హుద్‌హుద్ వేగం గంటకు 180 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంది. రెండింటి మధ్య తేడా 105 కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ గాలి తాకిడి వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ లెక్కన ఇర్మా దెబ్బ హుద్‌హుద్ దెబ్బకు దాదాపు రెండున్నర రెట్లు. అదే రోజు అది సెయింట్ మార్టిన్, అంగ్విలా, బ్రిటిష్ వర్జిన్ దీవుల మీదుగా వెళ్లింది. బార్బుడాలోని దాదాపు 1,800 మందిని ఒక్కరు మిగలకుండా పక్కనున్న ఆంటిగ్వాకు తరలించారు. రెండు వారాలు తిరక్కముందే, సెప్టెంబరు 18 రాత్రి, మరియా అనే ఇంకో హరికేన్ డొమినికా దీవి మీద పడింది. అక్కడ జరిగిన నష్టం ఆ దేశం ఏడాది మొత్తం సంపాదించేదానికి రెండింతలు దాటింది. ఆ తర్వాత పోర్టోరికో వంతు. అక్కడ చివరి ఇంటికి కరెంటు తిరిగి రావడానికి ఏడాది దగ్గర పట్టింది.

పడవలవాళ్లను బాగా కలవరపెట్టింది బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో ఒకటైన టోర్టోలాలోని పరాకీటా బే. చుట్టూ మడ అడవులున్న మడుగు అది. తుఫాను వస్తోందంటే అద్దె పడవల కంపెనీలు వందల పడవలను అందులోకి తెచ్చి, వరుసలుగా కట్టేసి, ఇక భయం లేదనుకునేవి. ఇర్మా వెళ్లాక చూస్తే అవి ఒకదాని మీద ఒకటి గుట్టలుగా పడి ఉన్నాయి. తాడు తెంచుకున్న మొదటి పడవ పక్కదాన్ని గుద్దింది, అది దాని పక్కదాన్ని. మామూలు గాలివానకు రక్షణగా పనికొచ్చిన ఇరుకే ఇక్కడ ప్రమాదంగా మారింది.

ఇంత జరిగాక ఆ సముద్రంలోకి ఎలా వెళ్తారు అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. దీనికి మొదటి జవాబు కేలండర్‌లో ఉంది.

హరికేన్, తుఫాను రెండూ ఒకే జాతివి. సముద్రాన్నిబట్టి పేరు మారుతుంది, అవి వచ్చే కాలమూ మారుతుంది. బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు చెడ్డ నెలలు. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. అందుకే నవంబరులో సముద్రం మీదికి బయల్దేరతామంటే మన గుండె జల్లుమంటుంది. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. సెప్టెంబరు 10 ప్రాంతంలో అది పతాకస్థాయికి చేరి, అక్కడి నుంచి నీళ్లు చల్లబడేకొద్దీ తగ్గుముఖం పడుతుంది. డిసెంబరు వచ్చేసరికి తూర్పు నుంచి వ్యాపార పవనాలు నిలకడగా వీస్తుంటాయి. సెప్టెంబరు ఎంత భయంకరంగా గడిచినా జనవరి సముద్రం దాని కోపాన్ని మోసుకు తిరగదు. ఒక చెడ్డ ఏడాది మరుసటి ఏడాదికి జోస్యమూ చెప్పదు. 2005లో అట్లాంటిక్‌లో 28 తుఫాన్లు లెక్కకొచ్చాయి. 2006లో 10 మాత్రమే.

దూర సముద్రాలకు వెళ్లేవాళ్లంతా ఇలా కేలండర్ చూసుకునే కదులుతారు. మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు తారిణి అనే తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టడానికి గోవా నుంచి బయల్దేరింది కూడా 2017 సెప్టెంబరు 10నే, ఇర్మా బార్బుడాను తాకిన నాలుగో రోజున. వారిలో విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ దగ్గరికి వాళ్లు జనవరిలో, అంటే అక్కడి వేసవిలో, చేరారు. ఒక సముద్రంలో బీభత్సం జరుగుతోందని ఇంకో సముద్రంలో ప్రయాణం ఆగలేదు. ఎప్పుడు ఎక్కడుండాలన్న లెక్క మాత్రం తప్పలేదు.

అయితే కేలండర్‌ను గుడ్డిగా నమ్మకూడదనడానికి లెన్నీ అనే హరికేన్ ఉదాహరణగా ఉంది. 1999 నవంబరు మధ్యలో, కాలం ముగిసిపోయిందని అందరూ అనుకుంటున్నప్పుడు, అది పడమర నుంచి తూర్పుకు ఎదురు నడక నడిచింది. కరీబియన్‌లో గాలి తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి పడవలు నిలిపే చోట్లన్నీ దీవుల పడమటి ఒడ్డున, గాలి చాటున ఉంటాయి. లెన్నీ కెరటాలు సరిగ్గా ఆ ఒడ్డునే కొట్టాయి. నవంబరు మొదటి వారంలో బయల్దేరాలని తొందరపడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఇంకో రెండు, మూడు వారాలు ఆగితే పోయేదేమీ లేదు.

రెండో జవాబు పటంలో ఉంది. 2017లో టీవీలు చూసినవాళ్లకు కరీబియన్ మొత్తం తుడిచిపెట్టుకుపోయిందన్న భావన కలిగింది. కానీ హరికేన్‌లో అతి ఘోరమైన గాలి మధ్యనున్న ‘కన్ను’ చుట్టూ ఉన్న వలయంలో, కొన్ని పదుల కిలోమీటర్ల మేర ఉంటుంది. ఆ దారిలో పడ్డ దీవి నాశనమైతే పక్కది చెట్టుకొమ్మలు విరిగి బతికిపోవచ్చు. బార్బుడా ఖాళీ అయిపోయినప్పుడు, దానికి సుమారు 50 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న ఆంటిగ్వాలో ఇంగ్లిష్ హార్బర్ చెక్కుచెదరలేదు. రెండు దీవులూ ఒకే దేశం. సెయింట్ లూసియా, మార్టినిక్, గ్రెనడైన్స్ కూడా ఆ ఏడాది పెద్ద దెబ్బ తినలేదు. ఏటా స్పెయిన్ కనరీ దీవుల నుంచి అట్లాంటిక్ దాటి సెయింట్ లూసియాలోని రోడ్నీ బే చేరే పడవల బృందం ఆ డిసెంబరులోనూ అక్కడికే చేరింది. కాబట్టి ‘కరీబియన్‌కు వెళ్లాలా’ అని అడిగితే జవాబు దొరకదు. ఏ దీవిలో, ఏ రేవులో, ఏ నెలలో అని అడిగితేనే దొరుకుతుంది.

దెబ్బతిన్న దీవికే వెళ్లాలనుకుంటే అసలు శ్రద్ధ పెట్టాల్సింది నీటి కింద ఏముందన్నదాని మీద. ఇర్మా తర్వాత వర్జిన్ దీవుల కొండలు బూడిద రంగుకు తిరిగాయి. గాలి ఆకులన్నీ ఒలిచేసింది. హుద్‌హుద్ తర్వాత విశాఖలో కైలాసగిరి చూసినవాళ్లకు ఆ దృశ్యం అర్థమవుతుంది. కొండలు మళ్లీ చిగురించగానే అంతా బాగుపడినట్టు కళ్లకు కనిపిస్తుంది, కానీ మునిగిన పడవలు నీళ్లలోనే ఉంటాయి. కొన్నిటి తెరచాప కొయ్య కొస మాత్రం పైకి కనబడుతుంది, కొన్నిటిది అదీ కనబడదు. దారి చూపే దీపాలు, నీటిపై తేలే బోయాలు కొట్టుకుపోయి ఉంటాయి. ఇసుక మేటలు జరిగి, పాత పటంలో లోతున్నచోట తిప్ప లేచి ఉండొచ్చు. లంగరు వేస్తే అది ఇసుకలో దిగబడకుండా అడుగున పడ్డ పైకప్పు రేకు మీద జారిపోతుంది. నీళ్లలో తేలే తాళ్లు ఇంజిన్ ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటాయి. పడవ కట్టుకునే బోయా ఉన్నా, దాని కింది గొలుసును ఎవరైనా దిగి చూశారో లేదో తెలుసుకోవాలి. తెలియకపోతే మనమే దిగి చూడాలి. చీకటి పడ్డాక అలాంటి రేవులోకి వెళ్లడం తెలిసి చేసే తప్పు. రాత్రంతా బయటి సముద్రంలోనే ఆగి, పొద్దెక్కాక, సూర్యుడు నడినెత్తికి వచ్చి నీటి అడుగు కనిపించే వేళ లోపలికి రావాలి.

ఒడ్డు మీది సంగతులు ఇంతకంటే సులువుగా తెలుస్తాయి. కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్ ఆఫీసు తెరిచి ఉందా, డీజిల్ దొరుకుతుందా, విమానాలు నడుస్తున్నాయా అన్నవి ఒక ఫోన్‌తో తేలిపోతాయి. ఆస్పత్రి సంగతి మాత్రం ప్రత్యేకంగా అడగాలి. గుండెజబ్బున్న అరవై ఏళ్ల మనిషికి దగ్గర్లో పనిచేసే ఆస్పత్రి ఎన్ని గంటల దూరంలో ఉందన్నది మిగతా ప్రశ్నలన్నిటికంటే పెద్దది.

ఇక వెళ్లేవాళ్లను నిజంగా బాధించే ప్రశ్న వేరే ఉంది. ఇళ్లు కోల్పోయినవాళ్ల ముందు మనం విహారం చేయడం న్యాయమా? చాలామంది ఆ సిగ్గుతోనే ఆగిపోయారు. వాళ్ల సున్నితత్వం మీద నాకు గౌరవం ఉంది. కానీ వాళ్లు ఆగిపోవడం వల్ల దీవులవాళ్లకు మేలు జరిగిందనుకోను. డొమినికాలోని పోర్ట్స్‌మత్‌లో పడవలకు కాపలా కాసి, యాత్రికులను ఇండియన్ రివర్‌లో తిప్పి బతికే మనుషులున్నారు. శీతాకాలం నాలుగైదు నెలల సంపాదనే వాళ్లకు ఏడాది పొడవునా ఆధారం. గాలి ఇల్లు పట్టుకుపోయింది, యాత్రికుడు రాకపోతే పనీ పోతుంది. వర్జిన్ దీవుల్లో అద్దె పడవలు 2017 డిసెంబరులోనే మళ్లీ కదలడానికి కారణం కూడా ఇదే. హోటళ్లు కూలిపోయాయి. పడవలో వచ్చేవాడికి హోటల్ గది అక్కర్లేదు, అతని మంచం అతనితోనే ఉంటుంది. అందుకే తుఫాను తర్వాత ఏ దీవికైనా మొదట రాగలిగేది, ఎవరికీ బరువు కాకుండా ఉండగలిగేది పడవ యాత్రికుడే.

దీనికి ఒక షరతుంది. మొదటి వారాల్లో, జనం తాగునీటి కోసం వరుసల్లో నిలబడి ఉన్నప్పుడు, పిలుపు లేకుండా వెళ్లకూడదు. సాయం చేయాలనే వెళ్లినా సరే, అక్కడి సహాయ బృందాలను అడిగి, వాళ్లు కావాలన్న సామాను తీసుకునే వెళ్లాలి. పాతబట్టల మూటలు దింపి వస్తే వాటిని సర్దే పని ఇంకొకరి నెత్తిన పడుతుంది. దుకాణాలు తెరుచుకున్నాక, రేవు అధికారులు రమ్మన్నాక, తిండీ నీళ్లూ డీజిలూ మనవి మనం నింపుకుని వెళ్లి, డబ్బు మాత్రం అక్కడ ధారాళంగా ఖర్చుపెట్టాలి. ఉప్పునీటిని మంచినీటిగా మార్చే యంత్రం పడవలో ఉంటే ఇది సాధ్యం. అది లేని చిన్న పడవ ఆ ఏడాదికి ఆంటిగ్వా నుంచి, డొమినికాలో ఆగకుండా, దక్షిణానికి పోవడమే మర్యాద.

ఇలాంటి ఏడాది ఇంకో ఆశ కూడా పుడుతుంది. బీమా కంపెనీలు నష్టపరిహారం చెల్లించి వదిలేసిన పడవలు సగం ధర కంటే తక్కువకు అమ్మకానికొస్తాయి. పైకి గీతలే కనిపిస్తాయి. లోపల, పడవ అడుగున వెన్నులా ఉండే కీల్ పడవకు అతికిన చోట సన్నని పగులు, చుక్కాని ఇరుసు వంగడం, ఉప్పునీళ్లు తాగిన వైరింగ్ ఉండొచ్చు. పడవను నీటి నుంచి పైకి తీసి, అనుభవమున్న సర్వేయర్‌తో చూపించకుండా కొనేవాళ్లు ఆదా చేసిన డబ్బంతా మరమ్మతు షెడ్డులో పెడతారు. పైగా ఆ షెడ్లు అప్పటికే నెలల పనితో నిండి ఉంటాయి.

వెళ్లడం గురించి ఇంత ఆలోచించేవాళ్లు జూన్ గురించి మరిచిపోతుంటారు. యాత్ర ముగిసేసరికి మళ్లీ హరికేన్ల కాలం తలుపు తడుతుంది. పడవను అప్పుడు ఎక్కడ ఉంచాలి? చాలా బీమా పాలసీలు ఆ నెలల్లో పడవ ఒక అక్షాంశ రేఖకు దక్షిణాన ఉండాలని రాసేవి. 12 డిగ్రీల 40 నిమిషాలు అన్నది ఎక్కువగా వినిపించిన అంకె. గ్రెనడా ఆ రేఖకు కింద ఉంది కాబట్టి వందల పడవలు అక్కడ చేరేవి. 2004 సెప్టెంబరులో ఐవాన్ హరికేన్ నేరుగా గ్రెనడా మీదికే వచ్చి, దీవిలో పది ఇళ్లలో తొమ్మిదింటిని దెబ్బతీసింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 జులై 1న, బెరిల్ వచ్చి గ్రెనడాకే చెందిన కారియకూ దీవిని నేలమట్టం చేసింది. అక్కడి టిరెల్ బే మడ అడవుల్లో దాచిన పడవలు పరాకీటాలో లాగే నాశనమయ్యాయి. రేఖ బీమా కంపెనీ సౌకర్యం కోసం గీసుకున్నది, తుఫాను దాన్ని చూసి ఆగదు.

అందుకే దెబ్బతిన్న ఏడాది తర్వాత బయల్దేరేవాళ్లు పాలసీ కాగితంలో మూడు సంగతులు ముందే చదువుకోవాలి. తుఫాను నష్టంలో తమ జేబు నుంచి పెట్టాల్సిన వాటా ఎంత, ఏ తేదీ నుంచి ఎక్కడుండాలి, ఒడ్డున పెడితే ఎలా బిగించమంటున్నారు. కొయ్య దింపి, కీల్‌ను గోతిలో కూర్చోబెట్టి, నేలలో దిగ్గొట్టిన లంగర్లకు బెల్టులతో కట్టిన పడవలు, స్టాండ్ల మీద నిలబెట్టినవాటి కంటే బాగా నిలిచాయి. అలా బిగించే యార్డుల్లో చోటు తక్కువ. ఉత్తరాన యార్డులు కూలిపోయిన ఏడాది దక్షిణాన ఉన్నవాటి మీద పడే ఒత్తిడి రెట్టింపవుతుంది. జూన్‌లో కావాల్సిన చోటును జనవరిలోనే మాట్లాడుకోవాలి. అది దొరకలేదంటే మే నెలలో పడవను తిరిగి ఉత్తరానికి, వర్జీనియా దగ్గరి చెసపీక్ బే దాకా, నడిపించే ఓపిక, సిబ్బంది, సెలవు ఉన్నాయో లేదో లెక్క చూసుకున్నాకే నవంబరులో తాడు విప్పాలి.