పెంపుడు కోళ్లకు పేలు, నల్లి, గోమార్లు పడితే కోడిని ఎలా పట్టుకోవాలి? మందు ఎలా వేయాలి?

పోయిన ఎండాకాలం నాచారంలో తెలిసినవాళ్ల ఇంటికి వెళ్లాను. డాబా మీద నాలుగు నాటుకోళ్లు. ఒక పెట్టను రెండు కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశారు. ఇంకో చేతిలో కుక్క గోమార్లకు కొట్టే స్ప్రే డబ్బా ఉంది. "ఆగన్నా!" అని డబ్బా తీసుకుని చదివితే ఫిప్రోనిల్. వరిలో కాండం తొలుచు పురుగుకు మనం వాడే మందే. ఆ పెట్ట గుడ్లు వాళ్ల పాప రోజూ తింటుంది.

2017లో నెదర్లాండ్స్, బెల్జియంలో లక్షల కొద్దీ గుడ్లు పారబోశారు. కారణం ఇదే ఫిప్రోనిల్. కోళ్ల నల్లికి మూలికల మందు అని అమ్మిన దాంట్లో ఇది కలిసింది, అక్కడి నుంచి గుడ్లలోకి వచ్చింది. అందుకే గుడ్లు పెట్టే కోడికి కుక్క మందు, పొలం మందు రెండూ వద్దు. "నేచురల్" అని రాసి ఉన్నా లోపల ఏముందో చదవండి.

ముందు ఏ పురుగో చూడాలి

పేలు పగలే కనబడతాయి. మలద్వారం చుట్టూ ఈకలు విడదీస్తే గడ్డి రంగులో పరుగెత్తుతాయి, ఈక మొదట్లో తెల్లగా గుడ్ల ముద్దలు ఉంటాయి. ఎర్రనల్లి, గోమార్లు పగలు గూటి సందుల్లో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. రాత్రి టార్చి వేసి, తెల్లగుడ్డతో కర్ర సందులు తుడవండి. ఎర్ర మరకలు పడితే నల్లి ఉన్నట్టే. తురాయి పాలిపోతే రక్తం బాగా తగ్గిందని అర్థం. కాళ్ల మీద పొలుసులు పైకి లేస్తే అది ఇంకో రకం నల్లి.

కోడిని పట్టుకునే పద్ధతి (వీడియోలో చూడండి)

పగలు తరమొద్దు. మన ఎండలకు పరుగెత్తించినా కోడి పడిపోతుంది, దానికి చెమట పట్టదు కదా. చీకటి పడ్డాక గూట్లో ఉన్నప్పుడు తక్కువ వెలుతురులో పట్టుకోండి. రెండు చేతులతో రెక్కలు ఒంటికి ఆనించి ఎత్తండి. తర్వాత ఎడమ అరచెయ్యి ఛాతీ కింద పెట్టి, కాళ్లు వేళ్ల మధ్య ఇరికించి, ఒళ్లు ముంజేతి మీద ఆనించుకోండి. బెదిరే కోడి అయితే తువ్వాలు చుట్టండి.

ఛాతీ మాత్రం నొక్కొద్దు. కోడికి మనలాగ డయాఫ్రం ఉండదు, ఛాతీ ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. చిన్నపిల్లలు ప్రేమగా గట్టిగా హత్తుకున్నా ప్రమాదమే. తలకిందులుగా పడితే మేత సంచిలోని నీళ్లు గొంతులోకి వచ్చి శ్వాసనాళంలోకి పోవచ్చు. నోరు తెరిచి రొప్పినా, తురాయి నీలంగా మారినా వెంటనే కింద పెట్టేయండి.

మందు వేసేటప్పుడు

మాస్కు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. పౌడర్ మందు పశువైద్యుడు చెప్పిందే వాడండి. రెక్కల కింద, మలద్వారం చుట్టూ కొద్దిగా చల్లి ఈకల్లోకి రుద్దండి. కళ్లు, ముక్కు, ముక్కు రంధ్రాల దగ్గర వద్దు. ఈళ్లు మందుకు చావవు కాబట్టి 7 నుంచి 10 రోజులకు మళ్లీ వేయాలి. చాలామంది ఈ రెండోసారే మర్చిపోతారు.

ఒక టబ్బులో పొడి మట్టి, జల్లించిన కట్టెల బూడిద కలిపి పెడితే కోళ్లే పొర్లాడి పేలు తగ్గించుకుంటాయి. రంగు వేసిన కట్టెల బూడిద వద్దు. తడిస్తే బూడిద చర్మాన్ని కాలుస్తుంది, పొడిగా ఉంచండి. వేపనూనె గూటికి వాడండి, ఈకలకు పూయొద్దు. లీటరు గోరువెచ్చని నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సందుల్లో కొట్టి, ఆరాక సున్నం వేయండి. ఎర్రనల్లి రక్తం లేకున్నా నెలల తరబడి బతుకుతుంది. గూడు వదిలేసి కోడికే మందు వేస్తే లాభం లేదు.

కాళ్ల పొలుసులకు గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి వాజలిన్ రాయండి. కిరోసిన్ వద్దు.

నట్టల మందు

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను. డిప్లొమా అయిన కొత్తలో సిరంజితో నేరుగా గొంతులోకి మందు కొట్టాను. పెట్ట నా చేతిలోనే పోయింది. కోడి నాలుక వెనకే శ్వాసనాళం రంధ్రం ఉంటుంది. అందుకే ముక్కు పక్క నుంచి ఒక్కో చుక్క వేసి మింగనివ్వాలి, లేదా తాగే నీళ్లలో కలపాలి. మోతాదు బరువును బట్టి. ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో డాక్టర్‌ను అడిగి రాసి పెట్టుకోండి.

మన జాగ్రత్త

కోడి పేలు మన మీద బతకవు. నల్లి మాత్రం కుట్టి దురద పెడుతుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి, బట్టలు విడిగా ఉతకాలి. కోడి రెట్టలో సాల్మొనెల్లా ఉండవచ్చు, కాబట్టి ఐదేళ్లలోపు పిల్లలను ఈ పనికి దూరంగా ఉంచండి. కోళ్లు ఉన్నట్టుండి వరసగా చనిపోతే అది పేల పని కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కదా. అలాంటప్పుడు కోడిని కోయొద్దు, ముట్టుకోవద్దు, పశువైద్యశాలకు చెప్పండి.

నాచారం పెట్ట సంగతి అంటారా? దానికి పట్టింది ఎర్రనల్లి. గూడు పాత మంచం చెక్కలతో చేశారు, సందులన్నీ నల్లే. చెక్కలు తీసేసి, సున్నం కొట్టి, రెండుసార్లు మందు వేశాక తురాయి మళ్లీ ఎర్రబడింది. స్ప్రే డబ్బా కుక్కకే మిగిలింది.