రాసినాయన ఎప్పుడు పోయారు?

తాతయ్య సొంత ఖర్చుతో అచ్చేసుకున్న కథల పుస్తకాన్ని స్కాన్ చేసి, యూనివర్సిటీ డిజిటల్ లైబ్రరీకి ఇద్దామని వెళ్లాను. కాపీరైట్ చూసే మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న: "రాసినాయన ఎప్పుడు పోయారు?"

ఆవిడ పనిలో ఈ లెక్కే ముఖ్యం. మన దేశంలో రచయిత పోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, కన్యాశుల్కం ఎవరైనా పెట్టుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు, ఆయన కవితలకి 2043 చివరిదాకా అనుమతి కావాలి.

తాతయ్య పోయింది 2009లో. "2069 దాకా హక్కు వారసులది. అందరి సంతకాలూ తీసుకురా" అన్నారు మేడమ్.

పుస్తకం నా దగ్గరుంది కదా, చాలనుకున్నాను. నాన్నమ్మ, నాన్న, అత్త సంతకాలు పెట్టారు. "ఇప్పుడెవరు చదువుతార్రా?" అంది నాన్నమ్మ.

మీ ఇంట్లోనూ అలాంటి పుస్తకం ఉంటే సంతకాలు తీసుకోండి, పెట్టేవాళ్లు ఉన్నప్పుడే.