సోడాబుడ్డి కళ్ళద్దాలు పోయిన కథ

మా తాతయ్యకు శుక్లం తీసిన రోజులు నాకు లీలగా గుర్తు. ఊరి బడిలో ఐ క్యాంపు పెట్టారు. తరగతి గదిలో వరసగా మంచాలు, కళ్ళకు దూది కట్లు, తల కదలకుండా అటొకటి ఇటొకటి ఇసుక మూటలు. ‘దగ్గకు, తుమ్మకు’ అంటూ నాయనమ్మ పక్కనే కాపలా. ఆ తర్వాత ఆయన ముక్కు మీదికెక్కిన సోడాబుడ్డి కళ్ళద్దాలు ఆయన పోయేదాకా దిగలేదు. కిందటేడు మా అమ్మకూ శుక్లం తీశారు. పొద్దున పదింటికి లోపలికి వెళ్ళింది, పదకొండున్నరకు వరండాలో కూర్చుని కాఫీ అడిగింది. ఒక్క తరంలో ఇంత మార్పు ఎలా వచ్చిందా అని తవ్వుతూ పోతే దొరికిన వింతలివి.

పేరే తప్పు

ఇంగ్లిష్‌లో దీన్ని ‘క్యాటరాక్ట్’ అంటారు. ఆ మాటకు లాటిన్‌లో జలపాతమని అర్థం. తలలోంచి ఏదో నీరు కంట్లోకి దిగి గడ్డకడుతుందని పాతకాలపు వైద్యుల నమ్మకం. అరబ్బు వైద్యులూ ‘నీరు దిగడం’ అనే అన్నారు. హిందీలో మోతియాబింద్, ముత్యపు చుక్క. మనకు శుక్లం, అంటే తెల్లనిది. ఊళ్ళో అయితే ‘పొర పట్టింది’ అంటాం. నిజానికి అక్కడ నీరూ లేదు, ముత్యమూ లేదు, పైన పట్టిన పొరా లేదు. నల్లగుడ్డు వెనక ఉండే కటకమే మసకబారుతుంది. కోడిగుడ్డు తెల్లసొన ఉడికితే తెల్లబడినట్టు, కటకంలోని మాంసకృత్తులు గడ్డలు కట్టి వెలుతురుకు అడ్డుపడతాయి. బాగా ముదిరితే తప్ప తెల్లగా కూడా ఉండదు. ముందు పసుపు, తర్వాత బెల్లం రంగు.

సొరచేప వయసు చెప్పిన కటకం

ఒంట్లో చర్మం, రక్తం ఎప్పటికప్పుడు కొత్తవి పుడుతుంటాయి. కటకం నడిమధ్య భాగం మాత్రం తల్లి కడుపులో ఎలా తయారైందో అలాగే ఉండిపోతుంది, దాన్ని మార్చే ఏర్పాటు లేదు. గ్రీన్‌లాండ్ సొరచేపల వయసు కట్టడానికి శాస్త్రవేత్తలు ఈ గుణాన్నే వాడుకున్నారు. 28 చేపల కటకాల్లోని కర్బనాన్ని పరీక్షించి 2016లో ఫలితం ప్రకటించారు. అన్నిటికంటే పెద్దదానికి సుమారు 392 ఏళ్ళు. అటూ ఇటూ 120 ఏళ్ళ తేడా ఉండొచ్చన్నారు. తక్కువలో తక్కువ లెక్కేసినా 272. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంతకంటే దీర్ఘాయువు దేనికీ లేదట. మన కటకం సంగతీ అంతే. డెబ్భై ఏళ్ళు నిలవున్న సరుకు మసకబారిందంటే వింతేముంది?

ఒకే చేతిలో ఇద్దరు మహానుభావులు

శుక్లానికి శస్త్రచికిత్స చెప్పిన తొలి గ్రంథాల్లో సుశ్రుత సంహిత ఒకటి. సూదిమొన లాంటి శలాకతో కటకాన్ని చూపు దారిలోంచి పక్కకు నెట్టేయడం ఆ పద్ధతి. అయ్యాక రోగి వెల్లకిలా పడుకోవాలి, తుమ్మకూడదు, దగ్గకూడదు, త్రేన్చకూడదు. మా నాయనమ్మ సుశ్రుతుణ్ణి చదవలేదు కానీ పథ్యం మాత్రం అదే చెప్పింది!

నెట్టేసిన కటకం కంట్లోనే ఉండిపోతుంది. వెలుతురు వస్తుంది, బొమ్మ కుదరదు. చీము పడితే ఆ వెలుతురూ పోతుంది. ఈ పద్ధతితోనే యూరప్ అంతా తిరిగిన జాన్ టేలర్ అనే ఇంగ్లిష్ వైద్యుడి బండి నిండా కళ్ళ బొమ్మలే. రోగి కట్టు విప్పేలోగా ఊరు దాటేసేవాడని చెప్పుకునేవారు. 1750లో లైప్‌జిగ్ నగరంలో సంగీత విద్వాంసుడు బాఖ్‌కు రెండుసార్లు ఆపరేషన్ చేశాడు. చూపు రాలేదు, జులై 28న బాఖ్ చనిపోయాడు. కొన్నేళ్ళకు మరో దిగ్గజం హాండెల్ కూడా ఇదే టేలర్ చేతిలో పడ్డాడు, ఆయనకూ చూపు రాలేదు. ఇద్దరూ జర్మనీలో ఒకే ఏడాది, 1685లో పుట్టినవాళ్ళు. వైద్యంలో ఇంత దరిద్రపు రికార్డు ఇంకోటి ఉంటుందనుకోను.

టేలర్ తిరుగుతున్న రోజుల్లోనే, 1747లో, ఫ్రాన్స్‌కు చెందిన జాక్ దవియెల్ కటకాన్ని నెట్టకుండా కోసి బయటికి తీయడం మొదలుపెట్టాడు. అదీ మత్తు లేకుండా! కంటికి చుక్కల మందుతో తిమ్మిరెక్కించవచ్చని వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ కనిపెట్టింది 1884లో. ఆ మందు కొకైన్.

యుద్ధవిమానం కంట్లోకి దిగింది

నా ఓటు మాత్రం ఈ కథకే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ విమానాలకు తూటాలు తగిలినప్పుడు పైలట్ కూర్చునే చోట ఉండే ప్లాస్టిక్ కప్పు పగిలి ముక్కలు కళ్ళలో గుచ్చుకునేవి. అలాంటి కళ్ళను చూసిన లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ ఒక సంగతి గమనించాడు. గాజు పెంకు గుచ్చుకుంటే కన్ను వాస్తుంది, ఈ ప్లాస్టిక్ ముక్క ఉన్నా కన్ను పట్టించుకోవడం లేదు. కొన్నాళ్ళకు, ఆయన శుక్లం తీస్తుంటే చూస్తున్న ఒక వైద్య విద్యార్థి ‘తీసినదాని స్థానంలో కొత్త కటకం పెట్టరా?’ అని అడిగాడట. కుర్రాడి ప్రశ్న, పైలట్ల కన్ను ఒకచోట కలిశాయి. అదే జాతి ప్లాస్టిక్‌తో లెన్స్ చేయించి, 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఒక మహిళ కంట్లో పెట్టాడు. పవర్ లెక్క తప్పింది, ఆమెకు విపరీతమైన దగ్గరచూపు వచ్చింది. కానీ లెన్స్‌ను కన్ను తోసిపుచ్చలేదు.

తోటి వైద్యులే తోసిపుచ్చారు. కంట్లోంచి పరాయి వస్తువు తీయాల్సినవాడు పెడతాడా అని మండిపడ్డారు. రిడ్లీ ఏళ్ళ తరబడి మాటలు పడ్డాడు. ఆయనకు సర్ బిరుదు వచ్చేసరికి 2000వ సంవత్సరం, వయసు 93. అప్పటికే ఆయన రెండు కళ్ళలోనూ లెన్స్‌లున్నాయి, తను ఆపరేషన్ చేసిన ఆ ఆస్పత్రిలోనే పెట్టించుకున్నాడు. తాతయ్య సోడాబుడ్డి అద్దాలను మ్యూజియానికి పంపింది ఈయనే. అప్పట్లో కటకం తీసేసి ఊరుకునేవారు, దాని పవర్ అంతా ముక్కు మీద మోయాల్సి వచ్చేది.

పళ్ళ డాక్టరు కుర్చీలో

అమెరికా వైద్యుడు చార్లెస్ కెల్మన్ పళ్ళు శుభ్రం చేయించుకుంటున్నాడు. పన్ను కదలకుండా, గార మాత్రం రాలిపోతోంది. శబ్దతరంగాలతో పనిచేసే ఆ పరికరమే శుక్లానికీ పనికొస్తుందని తట్టింది. 1967లో తొలి రోగిపై ప్రయోగించాడు. తరంగాలు వదిలిందే గంటకు పైగా, ఆ కన్ను దక్కలేదు. ఇప్పుడు అదే ‘ఫేకో’ పద్ధతిలో సెకనుకు 40 వేల సార్లు కంపించే సూది కటకాన్ని నలగ్గొట్టి పీల్చేస్తుంది. కోత మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, కుట్టు అక్కర్లేదు. ఆరు మిల్లీమీటర్ల లెన్స్ చుట్టలా మడిచి అందులోంచి దూరి, లోపల విచ్చుకుంటుంది. ‘లేజర్‌తో తీశారండీ’ అని మనవాళ్ళు చెప్పుకునేది చాలావరకు ఈ శబ్దం పనే. లేజర్ అవసరం సాధారణంగా తర్వాత వస్తుంది. లెన్స్‌ను పట్టి ఉంచే సంచి కొందరికి నెలలకో ఏళ్ళకో మసకబారుతుంది. దాన్నే ‘మళ్ళీ శుక్లం వచ్చింది’ అనుకుంటారు. తీసేసిన శుక్లం మళ్ళీ రాదు.

రోజుకు 833

కర్ణాటకలోని బిళగిలో పుట్టిన డాక్టర్ ఎం.సి. మోదీ ఒక్క రోజులో 833 శుక్లాలు తీసి గిన్నిస్ బుక్‌కెక్కారు. 1993 ఫిబ్రవరి దాకా ఆయన తిరిగిన ఊళ్ళు 46,120, చేసిన ఆపరేషన్లు 6,10,564 అని ఆ పుస్తకం లెక్క. ఈ అంకెను ఎవరూ కొట్టకూడదనే కోరుకుంటాను. ఇప్పటి శుభ్రత నియమాలతో రోజుకు 833 కుదిరే పని కాదు.

మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామిది ఇంకో రకం వింత. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయాయి. ఆ వేళ్ళతోనే కత్తి పట్టడం నేర్చుకుని లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. ఉద్యోగ విరమణ తర్వాత, 1976లో, 11 మంచాలతో అరవింద్ ఆస్పత్రి పెట్టారు. ఏ ఊళ్ళో తిన్నా ఒకే రుచితో బర్గర్ అమ్మే మెక్‌డొనాల్డ్స్‌ను చూసి, చూపునూ అలా అందించలేమా అనుకున్నారాయన. 1992లో వాళ్ళే లెన్స్‌లు తయారుచేయడంతో ధర దిగొచ్చింది. నేపాల్‌లో డాక్టర్ సందుక్ రూయిత్‌ది మరో లక్ష. ఖరీదైన యంత్రం లేకుండా చిన్న కోతతో, కుట్టు లేకుండా చేసే పద్ధతికి పేరు తెచ్చారు. మనదేశం ఆయనకు 2018లో పద్మశ్రీ ఇచ్చింది.

ఇక హైదరాబాద్ వింత. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’ మూడింట్లోనూ నటించారు. హిందీ, తమిళ, తెలుగు భాషల తొలి టాకీలవి. ఆ మనిషి పేరు ఇవాళ సినిమాల కంటే కంటాస్పత్రితోనే ఎక్కువమందికి తెలుసు. ఆయనిచ్చిన స్థలం, విరాళం దన్నుగా డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో ఆ సంస్థను నడిపించడం మొదలుపెట్టారు.

శుక్లాలతో చూపు మందగించినవాళ్ళు ప్రపంచంలో 9.4 కోట్ల మంది ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో ఒక్క 2016-17లోనే 64 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి.

కళ్ళలో దొరికినవి

శుక్లం తీయబోతే ఏం దొరుకుతుందో చెప్పలేం. బ్రిటన్‌లో 67 ఏళ్ళ ఒకామె కంట్లో నీలంగా ముద్దకట్టిన 17 కాంటాక్ట్ లెన్స్‌లు బయటపడ్డాయి. వెతికితే ఇంకో పది. మొత్తం 27! కంట్లో గరగర వయసు వల్లే అనుకుందట పాపం. ఈ ఆపరేషన్ మనుషులకే పరిమితమనుకోవద్దు. సుమత్రా అడవుల గోబర్ అనే ఆడ ఒరాంగుటాన్‌కు 2012లో శుక్లాలు తీస్తే, చూపు లేక ఎన్నడూ చూడని తన కవల పిల్లల్ని చూసుకుంది.

అమ్మ చీర రంగు

చిత్రకారుడు క్లాడ్ మోనే చివరి బొమ్మల్లో ఎరుపు, గోధుమ రంగులు మంటల్లా ఉంటాయి. పసుపెక్కిన కటకం నీలాన్ని ముందుగా ఆపేస్తుంది. స్నేహితుడు క్లెమెన్సో పోరు పెడితే 1923లో కుడికంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆ తర్వాత అంతా నీలమేనంటూ గొడవ.

మా అమ్మ మోనే పేరు వినలేదు. కట్టు తీసిన మర్నాడు బీరువా తెరిచి, ‘ఇది నీలం చీరా! బూడిదరంగు అనుకుని పనిమనిషికి ఇచ్చేద్దామనుకున్నానే’ అంది. ఒకసారి ఆ కన్ను, ఒకసారి ఈ కన్ను మూసి గోడ చూసింది. ఆపరేషన్ అయిన కంటికి తెల్లసున్నం, కాని కంటికి చాయ్ మరక. ఆనక వంటింట్లోకి వెళ్ళి స్టవ్ కింద జిడ్డు చూసి, నాకు అక్షింతలు వేసింది.

‘ముదరనీ, అప్పుడు తీయిద్దాం’ అని ఆమె మూడేళ్ళు వాయిదా వేసింది. తాతయ్య కాలానికి ఆ మాట సబబే. తీశాక సోడాబుడ్డి అద్దాలే గతి గనుక, పూర్తిగా చూపు పోయేదాకా ఆగేవారు. ఇప్పుడు ముదిరిన కటకం రాయిలా గట్టిపడి ఆపరేషన్‌నే కష్టం చేస్తుంది, ఒక్కోసారి కంట్లో ఒత్తిడి పెరిగి ఉన్న చూపుకే ఎసరు పెడుతుంది. కరిగించే చుక్కల మందులంటూ అమ్మేవి కొనకండి, శుక్లాన్ని కరిగించే మందు ఇంతవరకు లేదు.

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్ళను గోడ క్యాలెండర్ ముందు నిలబెట్టి, ఒక్కో కన్ను మూయించి తిథి చదివించండి. ఒక కంటికి అందకపోయినా రెండో కంటితో నెట్టుకొస్తూ, అడిగేదాకా వాళ్ళు చెప్పరు.