వీధి పిల్లి ఇంటి పిల్లి కావాలంటే

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఏ మటన్ దుకాణం ముందైనా, ఏ ఫంక్షన్ హాలు వెనకైనా, ఏ రైస్ మిల్లు గోదాములోనైనా తెల్లవారుజామున రెండు మూడు పిల్లులు కనిపిస్తాయి. వాటికి యజమాని ఎవరూ ఉండరు. బక్రీద్ రోజుల్లో కడుపునిండా తింటాయి. మిగతా రోజుల్లో దొరికిన దానితో సరిపెట్టుకుంటాయి. మే నెల ఎండల్లో గుక్కెడు నీళ్ల కోసం తిరుగుతాయి. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి దాటబోయి కొన్ని బండ్ల కింద పడతాయి.

ఇది చూసి మనసు కరిగినవారు ఒక పిల్లిని ఇంటికి తెచ్చుకుంటారు. మంచి పనే. కానీ ఆ తర్వాత జరిగేది చాలా ఇళ్లలో ఒకే తీరుగా ఉంటుంది. పిల్లి బీరువా వెనక దూరుతుంది. తిండి ముట్టదు. బయటికి లాగబోతే చెయ్యి రక్కుతుంది. పరుపు మీద మూత్రం పోస్తుంది. వారం తిరిగేసరికి దాన్ని సంచిలో వేసి ఊరి చివర వదిలేసి వస్తారు. కొత్త చోట వదిలిన పిల్లికి నీళ్లెక్కడో, తిండెక్కడో, కుక్కల బెడద ఎక్కడో ఏమీ తెలియదు. దయతో మొదలుపెట్టిన పని చివరికి దాని పాత బతుకును కూడా లాగేసుకుంటుంది.

అలా జరగకుండా ఉండాలంటే రెండు విషయాలు తెలియాలి. ఏ పిల్లిని తేవచ్చు అన్నది మొదటిది. తెచ్చాక దానికి ఎంత చోటు, ఎంత సమయం ఇవ్వాలి అన్నది రెండవది.

అన్ని పిల్లులూ ఒకటి కావు

యజమాని లేని పిల్లులన్నీ మనకు ఒకేలా కనిపిస్తాయి కానీ వాటిలో తేడాలున్నాయి. ఒకప్పుడు ఎవరింట్లోనో పెరిగి తప్పిపోయినవి, వదిలేయబడినవి కొన్ని. ఇవి మొదట బెదిరినా కొద్ది రోజుల్లో తోక నిలబెట్టి దగ్గరికి వస్తాయి, మనల్ని చూసి అరుస్తాయి. మనిషి చెయ్యి ఎన్నడూ తగలకుండా పెరిగినవి మరికొన్ని. ఇవి మన కళ్లలోకి చూడవు, నేలకు ఆనుకుని నక్కుతాయి, చీకటి పడ్డాకే తింటాయి. అలాంటి పెద్ద పిల్లి ఇంటి పిల్లిగా మారడానికి నెలలు పట్టవచ్చు, ఏడాది పట్టవచ్చు, ఎప్పటికీ మారకపోవచ్చు.

ఈ తేడాకు మూలం పసితనంలో ఉంది. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో 1980లలో ఐలీన్ కార్ష్ చేసిన పరిశోధనలో, పుట్టిన 2 నుంచి 7 వారాల మధ్య మనుషులు రోజూ చేతుల్లోకి తీసుకున్న పిల్లి పిల్లలు పెద్దయ్యాక కూడా మనుషుల దగ్గరికి చనువుగా వస్తాయని తేలింది. ఆ వయసు దాటేకొద్దీ మచ్చిక కావడం కష్టమవుతుంది. రెండు నెలల పిల్ల కొద్ది రోజుల్లో అలవాటు పడవచ్చు. నాలుగు నెలల పిల్లకు వారాలు, నెలలు కావాలి.

అలాగని కనిపించిన పిల్లనల్లా ఎత్తుకు రాకూడదు. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. తల్లి ఒక్కొక్క పిల్లనే నోట కరచుకుని చోటు మారుస్తుంది. మధ్యలో ఒంటరిగా కనిపించిన పిల్ల అనాథ అనుకోకూడదు. కొన్ని గంటలు దూరం నుంచి గమనించాలి. తల్లి ఉంటే, పిల్లకు ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండనివ్వడం మేలు. తల్లి రానివ్వగలిగితే ఆ వారాల్లోనే రోజూ కాసేపు పిల్లలను తాకి అలవాటు చేయవచ్చు.

పొలాల వైపు వెళ్లేవారికి ఇంకొక జాగ్రత్త. వరికోతల సమయంలో గట్ల మీద, చెరకు తోటల్లో దొరికే పిల్లలు అడవిపిల్లి పిల్లలు కావచ్చు. పెద్ద అడవిపిల్లికి కాళ్లు పొడుగు, తోక పొట్టి, తోక చివర నల్లని పట్టీలు, చెవుల కొనల మీద చిన్న కుచ్చు ఉంటాయి. ఇది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. దాని పిల్లలను పెంచుకోవడం నేరం. ఉన్నచోటే వదిలి దూరంగా వస్తే తల్లి తీసుకుపోతుంది. రాకపోతే అటవీ శాఖకు చెప్పాలి.

తలుపు మూస్తే బాధ్యత మనది

పిల్లిని బంధించి, తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కోవడానికి వదలక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైందన్న హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మన పాఠకుల్లో చాలామంది విన్నదే. ఇంటి లోపల పెంచే పిల్లి విషయంలో ఇది సూటిగా వర్తిస్తుంది. బయట ఉన్న పిల్లికి ఎలుక ఉంది, పురుగు ఉంది, పారిపోయే దారి ఉంది. తలుపు మూసిన మరుక్షణం ఆ మూడూ పోతాయి. వాటి బదులు మనమే ఇవ్వాలి. దేశ చట్టం కూడా ఇదే చెబుతోంది. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం పెంచుకునే జంతువుకు చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం, కారణం లేకుండా వదిలేయడం నేరాలు.

అందుకే తెచ్చేముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఇంట్లో బతికే పిల్లి పదిహేనేళ్లు కూడా బతుకుతుంది. అన్నాళ్లు మనం చూడగలమా?

ముందు డాక్టరు, తర్వాత ఇల్లు

పిల్లిని చేతులతో పట్టుకోవద్దు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ బుట్టలోనో, పిల్లుల పెట్టెలోనో లోపల తిండి పెట్టి, రెండు మూడు రోజులు అక్కడే తినడం అలవాటు చేసి, తర్వాత మూత వేయాలి. పైన దుప్పటి కప్పితే చీకటికి శాంతిస్తుంది. అక్కడి నుంచి నేరుగా పశువైద్యశాలకు వెళ్లాలి. నట్టల మందు, పేలకు మందు, రేబీస్ టీకా, పిల్లులకు వచ్చే అంటురోగాల టీకా అడిగి వేయించాలి. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసులోనే కట్టవచ్చు. సుమారు 63 రోజుల్లో ఈనుతుంది. కాబట్టి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో మొదటిరోజే మాట్లాడుకోవాలి. ఆపరేషన్ అయిన గండుపిల్లి ఇల్లంతా మూత్రం చిమ్మడం, పోట్లాటలకు పోవడం బాగా తగ్గుతాయి.

మొదట ఒక్క గది చాలు

ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడిని మొదటి రోజే బోర్డు దగ్గరికి పిలిచి పాఠం చెప్పమంటే ఏమవుతుందో ఉపాధ్యాయులందరికీ తెలుసు. కొత్త పిల్లికి ఇల్లంతా తెరిచిపెట్టడం అలాంటిదే. ఎటు చూసినా కొత్త వాసన, కొత్త శబ్దం. అందుకే మొదటి రెండు మూడు వారాలు ఒక చిన్న గదిలోనే ఉంచాలి. కిటికీకి జాలి బిగించాలి. బీరువా, మంచం వెనక సందులు మూసేయాలి.

ఆ గదిలో నాలుగు వస్తువులు ఉండాలి. ఒక మూల తిండి, కొంచెం ఎడంగా నీళ్లు, ఎదుటి మూల ఇసుక టబ్బు, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. అట్టపెట్టెను చిన్నచూపు చూడొద్దు. నెదర్లాండ్స్‌లోని ఒక పిల్లుల ఆశ్రయంలో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వారు చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, దాక్కునే పెట్టె ఇచ్చిన పిల్లులు ఇవ్వని వాటికంటే త్వరగా బెదురు తీరి స్థిమితపడ్డాయి. దాక్కునే చోటు ఉన్న పిల్లికి బయటికి వచ్చే ధైర్యం వస్తుంది. పిల్లినైనా గదిలో వేసి కొడితే పులై తిరగబడుతుందన్న సామెతలో ఉన్న నిజం ఇదే. తప్పించుకునే దారి లేని పిల్లే కరుస్తుంది.

మచ్చిక ఎలా?

మొదటి రెండు మూడు రోజులు తిండి పెట్టి, టబ్బు శుభ్రం చేసి వచ్చేయాలి. తర్వాత రోజూ ఒకే వేళకు వెళ్లి నేల మీద కూర్చోవాలి. దానివైపు తేరిపార చూడకుండా ఏదైనా చదువుకుంటూ, మెల్లగా మాట్లాడుతూ ఉండాలి. మనం ఉండగా తినడం మొదటి మెట్టు. ఆ తర్వాత గిన్నెను రోజుకు జానెడు చొప్పున మనవైపు జరపాలి. అది మనవైపు చూసినప్పుడు మనం కళ్లు మెల్లగా సగం మూసి తెరవాలి. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా చేసిన మనిషి కొత్తవాడైనా అతని చేతి దగ్గరికి పిల్లులు ఎక్కువగా వచ్చాయి.

వేలు చాచి ఉంచితే అది వచ్చి వాసన చూస్తుంది, తల రుద్దుతుంది. అప్పుడే బుగ్గలు, చెవుల మధ్య తాకాలి. పొట్ట, తోక ముట్టొద్దు. చెవులు వెనక్కి అణిగినా, తోక నేలకేసి కొట్టినా, బుస్సుమన్నా చెయ్యి తీసేయాలి. ఆ సంగతి పిల్లలకు ముందే నేర్పాలి. అది తనంతట తాను మన దగ్గరికి వస్తున్నప్పుడే రెండో గది తెరవాలి. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే, ముందు తలుపు కింద నుంచి వాసనలు తెలియనివ్వాలి. ఒకదాని గుడ్డ మరొకదాని దగ్గర వేయాలి. ఎదురెదురు పడటం ఆఖరున.

ఆడటం కూడా మచ్చికలో భాగమే. కర్రకు దారం కట్టి గుడ్డముక్క వేలాడదీసి రోజూ రెండుసార్లు పరుగెత్తించాలి. వేటాడే జీవికి లోపల వేట లేకపోతే పరుపులు చించుతుంది, కాళ్లు పట్టుకుంటుంది.

ఇసుక, ఫినాయిల్, జానిమాజ్

పిల్లి తాగిన నీటితో వుజూ చేసుకోవచ్చా అన్న సందేహానికి అబూ ఖతాదా (రజి) ఉల్లేఖించిన హదీసులో జవాబుంది. ఆయన పిల్లి తాగడానికి వీలుగా పాత్రను వంచారు. పిల్లి అపరిశుద్ధ జీవి కాదని, మన ఇళ్లలో మన చుట్టూ తిరిగేదని దైవప్రవక్త (స) చెప్పిన మాటను గుర్తుచేశారు. దాని మూత్రం మాత్రం అపరిశుద్ధమే. కాబట్టి జానిమాజ్ పరిచే ఇంట్లో ఇసుక అలవాటు మొదటి వారంలోనే కుదరాలి.

ఇది కష్టం కాదు. మట్టిలో గొయ్యి తీసి కప్పడం పిల్లికి పుట్టుకతో వచ్చిన గుణం. లోతైన ప్లాస్టిక్ టబ్బులో జల్లించిన పొడి ఇసుక నాలుగు వేళ్ల మందం పోస్తే చాలు. రోజూ ఎత్తేయాలి. గర్భిణులు ఈ పని చేయకూడదు. టాక్సోప్లాస్మా అనే క్రిమి పిల్లి మలంలో ఉండవచ్చు. అది అంటే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది కనుక రోజూ శుభ్రం చేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. టబ్బును, ఆ గది నేలను ఫినాయిల్‌తో కడగొద్దు. అందులోని మందును పిల్లి కాలేయం విరిచివేయలేదు. పాదాలకు అంటినది నాకినా విషమే. సబ్బునీళ్లు చాలు.

పెట్టవలసినవి, పెట్టకూడనివి

ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుండె, కాలేయం కొద్దిగా, ఎముక తీసిన చేప పెట్టవచ్చు. దుకాణంలో దొరికే పిల్లుల తిండి కలిపితే ఇంకా మంచిది. పెరుగన్నం ఒక్కటే పెడితే మాంసంలో ఉండే టారిన్ అందక కళ్లు, గుండె దెబ్బతింటాయి. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర దాని రక్తాన్ని పాడుచేస్తుంది. జ్వరం వచ్చిందని పారాసెటమాల్ ఇస్తే ఒక్క మాత్రకే చనిపోవచ్చు. కుక్కల పిడుదుల మందు, బీరువాలోని కలరా ఉండలు, ఎలుకల మందు తిన్న ఎలుక కూడా ప్రాణాంతకాలే. పెద్ద పిల్లి రెండు రోజులు, పిల్ల ఒక్క రోజు ఏమీ తినకపోతే డాక్టరుకు చూపించాలి.

కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం పెట్టొద్దు. అదేరోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబీస్ టీకా మొదలుపెట్టాలి.

లోపలికి రాని పిల్లికి

నెలల తరబడి ఓపిక పట్టినా గది మూలనే వణుకుతూ, తినీ తినక ఉండే పెద్ద పిల్లిని లోపలే ఉంచడం దయ అనిపించుకోదు. ఆపరేషన్, టీకా చేయించి, పట్టిన చోటే తిరిగి వదలాలి. ఆపరేషన్ అయిందన్న గుర్తుగా చెవి కొన కొద్దిగా కత్తిరిస్తారు. మళ్లీ పట్టి ఇబ్బంది పెట్టకుండా ఉంటారు. మిల్లులో, గోదాములో ఎలుకలు పడుతూ బతికే పిల్లికి అదే ఇల్లు. రోజూ ఒకే చోట కాస్త తిండి, ఎండాకాలంలో నీడన మట్టిమూకుడులో నీళ్లు ఉంటే చాలు.

ఇలాంటి పిల్లుల కోసం దానం ఇచ్చిన చరిత్ర మనకుంది. 13వ శతాబ్దంలో ఈజిప్టును పాలించిన సుల్తాన్ బైబర్స్ కైరోలో దిక్కులేని పిల్లుల తిండి కోసం ఒక తోటను వక్ఫ్ చేశాడు. 1830లలో కైరోలో నివసించిన ఆంగ్ల పండితుడు ఎడ్వర్డ్ లేన్, ఆ తోట చేతులు మారినా సాయంత్రపు వేళ పిల్లులకు తిండి వేసే ఆనవాయితీ ఇంకా సాగుతోందని రాశాడు. ఆ సుల్తాన్ ఏ పిల్లినీ రాజభవనంలో బంధించలేదు. వాటి చోట వాటిని ఉంచి అన్నం పెట్టించాడు.

మన వీధిలోని పిల్లికి ఏది మంచిదో అదే చెబుతుంది. చనువుగా దగ్గరికి వచ్చే దానికి, పసిపిల్లకు ఒక గది ఇచ్చి ఓపిక పట్టాలి. రానిదానికి నీళ్లూ తిండీ ఇచ్చి, ఒక ఆపరేషన్ ఖర్చు పెట్టుకుని, దాని దారిన దాన్ని బతకనివ్వాలి. రెండూ పుణ్యకార్యాలే.