కుటుంబమంతా నవ్వుతోంది, జాగ్రత్త

గ్రూప్ ఫొటోలాంటి బొమ్మల్లో మధ్యతరగతి గుట్టు విప్పుతున్న జంషెడ్‌పూర్ చిత్రకారుడు

భారతీయ చిత్రకళలో హుస్సేన్ అనగానే పరుగెత్తే గుర్రాలు గుర్తుకొస్తాయి. 1975లో జంషెడ్‌పూర్‌లో పుట్టిన ఫర్హాద్ హుస్సేన్ ఎంచుకున్న దారి వేరు. ఆయన చూపు మధ్యతరగతి ఇంటి ముందుగది మీద. భార్యాభర్తలు, పిల్లలు, బంధువులు, పెంపుడు జంతువులతో సహా ఫొటోకు నిలబడ్డట్టు కాన్వాస్ మీద కొలువుదీరతారు. రంగులు పెళ్లిపందిరిలా ధగధగలాడతాయి. అంతా సందడే. రెండోసారి చూస్తేనే తేడా తెలుస్తుంది: ఒకరి ఓరచూపు మరెవరి మీదో ఉంటుంది, పక్కపక్కనే ఉన్నవాళ్ల మధ్య దూరం కనిపిస్తుంది.

తెలుగువారికి ఇంటింటి హాస్యం కొత్త కాదు. బాపు కార్టూన్లలో మొగుడూ పెళ్లాల తగాదాకు కింద ఓ చురక ఉండేది. దాన్ని చదివి నవ్వి పేజీ తిప్పేవాళ్లం. ఫర్హాద్ బొమ్మ కింద అలాంటి మాట ఉండదు. ఎందుకు నవ్వామో ప్రేక్షకుడే వెతుక్కోవాలి. వెతికేకొద్దీ అది తన ఇంటి ఆల్బమ్‌లాగే అనిపిస్తే ఆ తప్పు చిత్రకారుడిది కాదు.

ఆయన పుట్టిన ఊరు ఓ కంపెనీతో పాటు పుట్టింది. 1907లో ఏర్పాటైన టాటా ఉక్కు సంస్థ కోసం సాక్చి గ్రామం దగ్గర వెలిసిన బస్తీకి 1919లో జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కొలువుల కోసం దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. వారిలో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఫర్హాద్ గీసే కుటుంబం ఏ భాష మాట్లాడుతుందో చెప్పడం కష్టం. పరువు కాపాడుకోవాలన్న తాపత్రయం మాత్రం అన్ని భాషల్లోనూ ఒకటే.

శాంతినికేతన్, బరోడాల్లో ఆయన చిత్రకళ చదివారు. హాస్యాన్ని చిన్నచూపు చూడని సంప్రదాయం ఆ రెండు చోట్లా ఉంది. చమత్కారానికి పేరొందిన కె.జి. సుబ్రమణ్యన్ (1924-2016) బరోడాలో బోధించి, 1980లో శాంతినికేతన్ చేరారు. బరోడాలోనే లెక్కలు రాసుకుంటూ బొమ్మలు వేసిన భూపేన్ ఖఖర్ (1934-2003) వాచీలు బాగుచేసేవాళ్లను, సాదాసీదా గుమాస్తాలను కళలోకి తెచ్చారు. మొదట్లో వింతగా తోచిన ఆ బొమ్మలకు 2016లో లండన్‌లోని టేట్ మోడరన్ పెద్ద ప్రదర్శనే ఏర్పాటు చేసింది. అంతకు చాలా ముందే, 1917 నాటికే, గగనేంద్రనాథ్ టాగూర్ వ్యంగ్యచిత్రాలు బెంగాలీ బాబుల డాంబికాన్ని ఎండగట్టాయి.

ఫర్హాద్ గ్యాలరీల్లో అడుగుపెట్టిన 2000 దశకంలో భారతీయ కళకు గిరాకీ ఊపందుకుంది. 2008 ఆర్థిక సంక్షోభంతో ఆ జోరు చప్పబడింది. ఆ ఎగుడుదిగుళ్ల నడుమ హాస్య చిత్రకారుడికి ఓ ప్రమాదం పొంచి ఉంటుంది. బొమ్మ కొని గోడకు తగిలించేది సాధారణంగా అందులో ఎగతాళికి గురైన వర్గమే. మెరిసే రంగులు చూసి మురిసిపోతే వ్యంగ్యం కాస్తా గృహాలంకరణగా మారిపోతుంది. అది గుచ్చుకుంటే కొనేవాడు వెనక్కి తగ్గొచ్చు. ఫర్హాద్ కళ ఈ సన్నని గీత మీదే నడుస్తోంది: అతిథులు చూసి నవ్వాలి, వాళ్లు వెళ్లాక ఇంటివాళ్లకు నిద్ర పట్టకూడదు.